ఎనభై నాలుగో పేరు తరువాత

పధ్నాలుగో నంబరు గది ఖాళీగా ఉందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఆ గదిని ముప్పై ఒక్క ఏళ్లు ఊడ్చాను. ఏ బెంచీ కింద ఎవరి పేరు చెక్కి ఉందో కళ్లు మూసుకుని చెప్పగలను. గోడలకి జ్ఞాపకం ఉంటుందని నాకు ఎప్పటినుంచో తెలుసు. ఆ మాటనే కమలాక్షి మేడమ్ రాగితీగలూ గాజుపలకా పెట్టి రుజువు చేసిన రోజు పెద్దలందరూ చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. నా చేతుల్లో టీ పళ్లెం ఉంది.

నా పేరు పైల అసిరమ్మ. కొండల అంచున ఉన్న మా యూనివర్సిటీలో అటెండరుగా చేశాను. చదువు రెండో తరగతితో ఆగిపోయింది. మా అయ్య మేకలు కొన్నాడు, వాటి వెనక నడవడానికి ఒక మనిషి కావలసి వచ్చింది, అంతే. చదువు ఆగింది గానీ జ్ఞాపకం ఆగలేదు. ఒకసారి విన్న పేరు నా చెవి దాటి పోదు. ఏ ఏడు ఏ పిల్ల ఎక్కడ కూర్చుందో, ఎవరిది జలుబు గొంతో, ఎవరు పలకడానికి సిగ్గుపడి చెయ్యి మాత్రం ఎత్తేవారో, అన్నీ ఉన్నాయి. లెక్చరర్లు హాజరు పుస్తకం మరిచిపోయి వస్తే నన్నే పిలిచేవారు. చీపురు చంకలో పెట్టుకుని గుమ్మంలో నిలబడి వరసగా పేర్లు చెబుతుంటే పిల్లలు నవ్వుతూ పలికేవారు. ఒక్క పేరు తప్పితే ఒట్టు.

మా యూనివర్సిటీలో ఒక ఆచారం ఉంది. నాలుగో ఏడు చివరి రోజున పాఠం చెప్పరు. హాజరు మాత్రం పిలుస్తారు. దాన్ని ఆఖరి హాజరు అంటారు. ఇంటివాళ్లు వచ్చి గది వెనక నిలబడతారు. పేరు పిలవగానే పిల్ల లేచి పలుకుతుంది, ఇక కూర్చోదు. చివరి పేరు అయ్యేసరికి గది మొత్తం నిలబడి ఉంటుంది. ఎంతమంది తల్లులు కొంగు నోట్లో కుక్కుకుని ఏడవడం చూశానో ఆ గదిలో.

కమలాక్షి మేడమ్ భౌతికశాస్త్రం చెప్పేది. ఒంటరి మనిషి. మధ్యాహ్నం డబ్బా విప్పితే సగం నాకు పెట్టేది, నా చోడంబలి, అంటే రాగి జావ, సగం ఆవిడ తాగేది. గోడల్లో దిగిన మాటలు వినాలని రాగితీగలూ గాజుపలకా బిగించిన ఒక పెట్టెతో ఆరేళ్లు కుస్తీ పట్టింది. ఒకరోజు నేను గోడ తుడుస్తుంటే అడిగింది:

"అసిరమ్మా, ఎండ పోయాక కూడా గోడ వేడిగానే ఉంటుంది కదా, ఎందుకని?"

"ఎండ గోడలోకి దిగిపోద్ది కదమ్మా."

"మాట కూడా అలాగే దిగుతుంది. నిన్నటి మాట ఒక్కటే కాదు, రేపటి మాట కూడా. గోడకి ముందూ వెనకా తెలియదు."

"మీ గోడకే కాదమ్మా, మా ఊళ్లో నాయుడు గారికీ తెల్దు" అన్నాను. నవ్వింది.  ఆ వేళే పెట్టె మొదటిసారి పలికిందట.

ఏ కోర్సులో ఎంతమందిని చేర్చుకోవాలో మా పాలకమండలి ప్రతి మే నెలలో కూర్చుని తేల్చేది. ఎవరికి తోచిన అంకె వాళ్లు చెప్పేవారు, చివరికి వీసీ గారు చెప్పిన అంకె నిలిచేది. ఆ ఏడు కొత్త చిక్కు వచ్చింది. ఎంతమంది చేరితే అంతమందీ గట్టెక్కాలి, మధ్యలో మానేసినవారి శాతం ఎక్కువైతే యూనివర్సిటీకి మంచి గ్రేడు ఇవ్వరు అన్నారు పైవాళ్లు. వీసీ గారు కమలాక్షి మేడమ్‌ని పిలిపించారు.

"ఇన్నాళ్లూ గుడ్డిగా రాసుకున్నాం అమ్మా. ఈసారి విని రాద్దాం. బీయస్సీ ఒక్కదాని మీద పరీక్షించండి."

పెట్టెని పధ్నాలుగో గదికి మోసింది నేనూ మేడమూనే. తొమ్మిదిమంది మండలి సభ్యులు పిల్లల బెంచీల్లో మోకాళ్లు పట్టక అవస్థపడుతూ కూర్చున్నారు. రిజిస్ట్రారు సోమయాజులు గారు తీర్మానాల పుస్తకం తెరిచి, నూట ఇరవై అని పెన్సిలుతో రాశారు. పెట్టె పలకలేదు.

"పెన్సిలుకి పలకదు సార్. సంతకాలు పడాలి, ముద్ర పడాలి. నిజంగా నిర్ణయించినదానికే రేపు ఉంటుంది" అంది మేడమ్.

ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. తర్వాత తొమ్మిది సంతకాలు పడ్డాయి. సోమయాజులు గారు ముద్ర కొట్టారు. ఆ చప్పుడు గోడకి తగిలి ఆగకముందే గాజుపలక మసకబారింది, ఎవరో దాని మీద ఊపిరి వదిలినట్టు.

ముందు బెంచీలు జరిగిన చప్పుడు. గాజుల చప్పుడు. ఎవరో పిల్లాడు దగ్గాడు. గదిలో మేం పన్నెండుమందిమి తప్ప ఎవరూ లేరు.  తర్వాత ఒక ఆడమనిషి గొంతు హాజరు పిలవడం మొదలుపెట్టింది. అది నాలుగేళ్ల తర్వాతి ఆఖరి హాజరు. ఆ రోజు పిలుపు గోడలో బాగా లోతుకి దిగుతుందనీ, అందుకే పెట్టెకి అదే అందుతుందనీ మేడమ్ తర్వాత చెప్పింది.

మెరిట్ వరసలో పేర్లు. పేరు, పలుకు, పేరు, పలుకు. చకచకా పోయాయి. కొన్ని పేర్ల తర్వాత ఏ పలుకూ లేదు. గాలి మాత్రం.

అయిపోయాక చూస్తే సెల్‌ఫోన్లలో ఏమీ ఎక్కలేదు, వట్టి ఈదురు చప్పుడు. నలుగురు ప్రొఫెసర్లు రాసుకున్న కాగితాలు ఒకదానితో ఒకటి కలవలేదు. ఒకరు నూట పదమూడంటే ఒకరు నూట ఎనిమిదన్నారు. అలా తగువులాడుకుంటుంటే నేను ఊరుకోవచ్చు కదా? ఊరుకోలేదు.

"ముప్పై ఒకటో పేరు మరిసిపోనారు బాబూ. బొడ్డేపల్లి కౌసల్య. దాని తరవాతిది కుర్రోడు, తోట జయరాం, ముక్కుతో మాటాడినాడు" అన్నాను.

వీసీ గారు కళ్లజోడు తీసి నన్ను మొదటిసారి చూశారు. "మొత్తం చెప్పగలవా?"

చెప్పాను. నూట ఇరవై పేర్లూ. ఎవరు పలికారో, ఎవరు పలకలేదో. పలకనివాళ్లు పదిహేడుమంది. వచ్చిన దరఖాస్తుల కట్టలు ఇంకా సీలు విప్పలేదు. అప్పటికప్పుడు విప్పి చూశారు. నూట ఇరవై పేర్లూ ఉన్నాయి.

ఆ రోజునుంచి నేను టీ మనిషిని మాత్రమే కాదు. పెట్టెకి పుస్తకాన్ని. గర్వం వచ్చింది, ఎందుకు దాచాలి? తొమ్మిదిమంది పెద్దలు నా నోరు చూస్తూ కూర్చున్నారు. మేకలు కాసిన నోరు.

పేర్లలో డెబ్బై తొమ్మిదోది పైల ఝాన్సీ. నా మనవరాలు.

నా కొడుకూ కోడలూ ఇటుకబట్టీల వెంట తిరిగేవారు, ఆ పిల్ల నా దగ్గరే పెరిగింది. మా ఊరు గెడ్డ అవతల. గెడ్డ అంటే కొండవాగు. వేసవిలో రాళ్ల మీద నడిచి దాటొచ్చు, వానల్లో మాత్రం పెద్ద వంతెన మీదుగా చుట్టు తిరిగి రావాలి. ఆ చుట్టు దారిలో యూనివర్సిటీ బస్సు ఒకటి మా ఊరి పిల్లల్నీ, పైన కొండ ఊళ్ల పిల్లల్నీ ఎక్కించుకుని వచ్చేది. నేను ముప్పై ఏళ్లూ ఆ బస్సులోనే వెళ్లాను. ఆ సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి ఝాన్సీ అరుగు మీద ఉలవలు ఏరుతోంది.

"నీ పేరు పిలిచినారే గుంటా" అన్నాను. చెప్పకూడదని ఒట్టు పెట్టారు గానీ ఆగలేదు.

"నిజవేటి? నానేటన్నాను మామ్మా?"

"ఏటంటావు? పెజెంటన్నావు."

"గొంతు బాగుందా?"

"పెళ్లిలో బూరా ఊదినట్టుంది."

నిజానికి ఎంత బాగుందో! మేడ..మ్ అని సాగదీసి, చివర ముక్కులో చిన్న నవ్వు నవ్వింది. బడిలో ఉన్నప్పటి నుంచీ ఆ పిల్లకి అదే అలవాటు. నాలుగేళ్లు పెద్దదైన నవ్వు, ముందే విన్నాను.

"ఇంకా ఎవలెవలున్నారు?"

"శానామంది మన బస్సు పిల్లలే. కొండ మీది గుంటొకతి ఉంది, నిమ్మక చామంతి. అందరూ పెజెంటంటే అది ‘ఉన్నానమ్మా’ అంది. కిలాసంతా నవ్వీసింది."

"భలే గుంట. దాంతోటి నేస్తం కడతాను" అంది ఝాన్సీ, ఉలవలు గాలిలోకి ఎగరేసి.

మూడు రోజులకి మండలి మళ్లీ కూర్చుంది. పలకని పదిహేడుమందిలో పదిహేనుమంది ఎనభై నాలుగో ర్యాంకు తర్వాతివాళ్లేనని ఎవరో లెక్క తీశారు. నా నోటినుంచి వచ్చిన లెక్కే అది.

"అయితే అక్కడ గీత గీద్దాం" అన్నారు వీసీ గారు.

నేను ఉండబట్టలేక అన్నాను: "బాబూ, పలకపోతే పాడైపోనట్టేటి? పొట్నూరు గోవిందని ఒకడు మూడో ఏట మానీసినాడు. ఇయ్యాల మా సుట్టుపక్కల ఊళ్లన్నిట్లోనూ ఇంజిన్లు ఆడే బాగుసేస్తాడు. ఇక్కడ నేర్సిందే కదా."

"గోవిందు శాతంలోకి రాడు అసిరమ్మా" అన్నారు. అందరూ నవ్వారు. ఆయన చెడ్డవారు కాదు. పండక్కి నాకు చీర పెట్టిన మనిషి. చెవితో విని పిల్లల్ని లెక్కపెట్టడం తెలియదు, అంతే.

సోమయాజులు గారు ఉక్కు స్కేలు పెట్టి, ఎర్ర సిరాతో నూట ఇరవై తీర్మానాన్ని కొట్టేశారు. ఆ గీత కాగితం మీద పడింది. నా చెవిలో పడలేదు. ముప్పై ఆరు పేర్లు ఎక్కడివక్కడే ఉన్నాయి లోపల, మోగుతూ.

ఎనభై నాలుగు అని రాసి, సంతకాలు పెట్టి, ముద్ర కొట్టారు. పలక మసకబారింది.

పేరు, పలుకు. పేరు, పలుకు. ఇరవై మూడో పేరు తంగి శిరీష, సన్నగా, సూది గుచ్చినట్టు తొందరగా పలికింది. యాభై దాటింది, ఒక్క ఖాళీ లేదు. డెబ్బై దాటింది. వీసీ గారు బల్ల మీద వేళ్లతో తాళం వేస్తున్నారు.

"పైల ఝాన్సీ."

"ప్రెజెంట్ మేడమ్."

సన్నగా, సూది గుచ్చినట్టు.

టీ పళ్లెం పట్టుకుని గుమ్మం దగ్గరే ఆగిపోయాను. సాగదీత లేదు. నవ్వు లేదు. అది నా ఝాన్సీ గొంతు కాదు. ఇరవై మూడో పేరుకి పలికిన పిల్లే మళ్లీ పలికింది. రానివాళ్ల కోసం పక్కవాళ్లు పలకడం నేనెరగనిదా? ముప్పై ఏళ్లుగా వింటున్నాను. కానీ అది సినిమాకి పోయిన రోజుల్లో. ఆఖరి హాజరు రోజున ఎవరూ ఎవరికోసమూ పలకరు. ఆ రోజు రాకుండా ఎవరుంటారు?

ఎనభై నాలుగో పేరు కూడా పలికింది. ఇంకెవరో ఊపిరి పీల్చిన చప్పుడు. ఆ తర్వాత ఒక ముసలి గొంతు, బొంగురుగా, గదికి ఆ చివరినుంచి పిలవడం మొదలుపెట్టింది.

"ఆరిక సుభద్ర... ముద్దాడ లోకేశ్వరి... నిమ్మక..."

"ఎవరీ ముసలిది?" అన్నారు వీసీ గారు. "ఆపండి."

మేడమ్ మీట కిందికి లాగింది. "కొట్టేసిన పేర్లు సార్ ఇవి. పాత విడతది ఏదో గోడలో మిగిలిపోయినట్టుంది" అంది, తనకే నమ్మకం లేనట్టు. ఆ ముసలి గొంతు ఎవరిదో నాకూ తెలియలేదు. లక్ష గొంతులు గుర్తున్న దాన్ని, ఆ ఒక్కటి గుర్తుపట్టలేకపోయాను.

"ఎనభై నాలుగుకి ఎనభై నాలుగు! చూశారా? అరవైకి తగ్గిస్తే పేరుపేరునా శ్రద్ధ పెట్టొచ్చు, అది కూడా ఒకసారి వినేద్దామా?" అన్నారు వీసీ గారు.

అరవై. ఝాన్సీ డెబ్బై తొమ్మిది.

అప్పుడే మేడమ్ నా వైపు తిరిగింది. ఆవిడ చెవి కూడా మంచిదే. ఏదో అనుమానం తగిలింది. "అసిరమ్మా, నువ్వు చెప్పు. అందరూ ఎవరి గొంతుతో వాళ్లే పలికారా?"

ఏం చేయను చెప్పండి? లేదంటే ఈ అంకె చెడుతుంది. చెడితే అరవై వింటారు, నిలిస్తే ఇక్కడితో ఆగుతారు. అరవైలో నా పిల్ల పేరే ఉండదు. మేకలు కాయడం ఉంటుంది. నాలుగేళ్లంటే చిన్న కాలమా? ఈ నాలుగేళ్లలో గొంతు మారదా? జలుబు చేయదా? ఇన్ని సాకులు ఒక్క క్షణంలో నా మనసులోకి వచ్చాయి, ఒక్కదాన్నీ నేనే నమ్మలేదు.

"ఔనమ్మా," అన్నాను. "ఎవలి గొంతు ఆలదే."

అంతే. మండలి మొత్తం ఆ మాట మీద నిలబడింది. ఎనభై నాలుగు ఖాయమైంది. దాని కిందే ఇంకో చిన్న తీర్మానం చదివారు. గెడ్డ అవతలనుంచి పిల్లలు ఏడుగురే వస్తున్నారు గనక ఆ బస్సు నిలిపివేయడమైనది. నేను ఖాళీ గ్లాసులు ఏరుకుంటున్నాను. విన్నాను. గ్లాసులు ఏరుకున్నాను.

ఝాన్సీ చేరింది. మొదటి రోజు సాయంత్రం వచ్చి సంచీ పడేసి అడిగింది: "మామ్మా, ‘ఉన్నానమ్మా’ అనే గుంట ఏదీ? వెతికినాను. ఎక్కడా లేదు."

"రాలేదే."

"మరి నువ్వు ఇన్నావు కదా?"

ఆ చామంతి రొయ్యల కంపెనీలో తలకాయలు తీసే పనికి పోయిందని తర్వాత సంతలో విన్నాను. పిలవవలసిన పేర్లు ఎవరూ పిలవక, ఆ ముప్పై ఆరూ నా చెవిలో తిరుగుతూ ఉండేవి. అంబలి కాస్తుంటే, నీళ్లు తోడుతుంటే, ఉన్నట్టుండి ‘ఆరిక సుభద్ర’ అని నా లోపలే ఎవరో పిలిచేవారు. పొయ్యి దగ్గర ఆగిపోయేదాన్ని. "మామ్మకి దెయ్యం పట్టీసింది" అని ఝాన్సీ నవ్వేది. మరుసటి ఏడు నేను రిటైరయ్యాను. పెట్టెని ఆ తర్వాత ఎవరూ తెరవలేదు. ఇంకో అంకె కోసం దాన్ని మళ్లీ తెరవనని మేడమ్ ఎదురు తిరిగిందట. దాన్ని గోనెపట్టా కప్పి పధ్నాలుగో గది మూలనే వదిలేశారు.

బస్సు లేదు కదా, ఏడుగురు పిల్లలూ గెడ్డ దాటి అవతల పెద్ద రోడ్డు మీద ఆటో ఎక్కేవారు. శిరీష మా పక్క ఊరిదే. ఝాన్సీకి ప్రాణం. ఇద్దరూ ఒకే గొడుగు.

మూడో ఏడు శ్రావణంలో, మధ్యాహ్నం నాలుగు గంటలప్పుడు, మా దగ్గర చినుకు లేదు. పైన కొండల్లో కురిసింది. పిల్లలు చేతులు పట్టుకుని రాళ్ల మీద దాటుతున్నారు. నీళ్లు మోకాలిదాకా ఉన్నాయట. ఉన్నట్టుండి గోడలా వచ్చాయట. వరసలో చివర ఝాన్సీ. ఆ పిల్ల చెయ్యి పట్టుకున్నది శిరీష. ఆ చెయ్యి జారిపోయింది.

నేను అరుగు మీద కూర్చుని చోడిపిండి జల్లిస్తున్నాను. గెడ్డ చప్పుడు మారడం విన్నాను. నా చెవి అన్నీ ముందే వింటుంది.

పదకొండో రోజున కమలాక్షి మేడమ్ వచ్చింది. చాప వేస్తే కూర్చోలేదు. నేనే నోరు విప్పాను.

"అమ్మా, ఆ వేళ నాను అబద్ధమాడినాను. ఝాన్సీ పేరుకి పలికింది ఝాన్సీ కాదు."

ఆవిడ గోడకి ఆనుకుని మెల్లగా కిందికి జారి కూర్చుంది.

"నాకూ అనుమానం వచ్చింది," అంది. "నువ్వు ఔనన్నావు. నువ్వు ఔనంటే చాలు అనుకున్నాను. పెట్టె పనిచేసింది కదా, ఆరేళ్ల కష్టం... నువ్వు ఔనంటే బాగుండుననే అడిగానేమో."

"నూట ఇరవైలో నా గుంట నవ్విందమ్మా. బస్సు నిండా పిల్లలుంటే బస్సు ఉండేది." నేను ఆవిడ కాళ్లు పట్టుకున్నాను. "ఎర్ర సిరా ఉంది కదమ్మా మీకాడ. అది గీసీండి. ఆ ఎనబై నాలుగు కొట్టీండి. మళ్లా నూటిరవై రాయించండి. తొమ్మిదిమందినీ నాను బతిమాల్తాను."

"కొట్టేయగలిగేది పిల్లలు చేరనంతవరకే అసిరమ్మా. జరిగిపోయినదాన్ని కొట్టేసే అధికారం ఏ మండలికీ లేదు."

అంత చదువుకున్న మనిషి, నాలాగే నేల మీద కూర్చుని, నాలాగే ఏడ్చింది.

కొన్నాళ్లకి యూనివర్సిటీ నుంచి కాగితం వచ్చింది. ఝాన్సీ పేరు హాజరు పుస్తకంలోంచి తీయాలంటే ఇంటివాళ్లు సంతకం చేసి పంపాలట. నాకు సంతకం వచ్చు, అ-సి-ర-మ్మ, నాలుగక్షరాలు. పెట్టలేదు. సోమయాజులు గారు రెండుసార్లు మనిషిని పంపారు, తర్వాత ఊరుకున్నారు. పేరు ఉంటే వాళ్ల శాతానికీ మంచిదే. అలా డెబ్బై తొమ్మిదో పేరు పుస్తకంలో ఉండిపోయింది, రోజూ పిలుస్తూనే ఉన్నారు.

నాలుగో ఏడు ఆఖరి హాజరుకి నన్ను శిరీషే వచ్చి తీసుకెళ్లింది. ఆటోలో నా పక్కన కూర్చుంది. దిగేముందు అంది:

"మామ్మా, దాని పేరుకి రోజూ నానే పలుకుతన్నాను. హాజరు పిలిసే మేడమ్‌కి తెలుసు, ఏటీ అనరు. సెయ్యి ఒగ్గీసినాను కదా, పేరైనా ఒగ్గకూడదని. తప్పేటి?"

ఆ పిల్ల గొంతు సన్నగా, సూది గుచ్చినట్టుంది. తల నిమిరాను. తప్పు కాదన్నాను. నిజంగానే కాదు.

గది వెనక ఇంటివాళ్లతో కలిసి నిలబడ్డాను. మూలన గోనెపట్టా కింద పెట్టె అలాగే ఉంది. కిటికీ పక్కన కమలాక్షి మేడమ్, జుట్టు మొత్తం నెరిసింది. పాత వీసీ గారు పెద్ద పదవికి వెళ్లిపోయారు, కొత్తాయన పూలదండతో కూర్చున్నారు. ఎనభై నాలుగుకి ఎనభై నాలుగు అని గుమ్మానికి బట్ట కట్టారు. హాజరు మొదలైంది. అన్నీ నేను విన్నవే. అదే దగ్గు, అవే గాజులు. ముందే చూసిన కల మధ్యలోకి నడిచి వెళ్తున్నట్టుంది. పిల్లలు ఒక్కొక్కరే లేస్తున్నారు. శిరీష లేచింది.

"పైల ఝాన్సీ."

నిలబడే ఉన్న శిరీష కళ్లు మూసుకుని పలికింది. "ప్రెజెంట్ మేడమ్."

నాలుగేళ్ల క్రితం విన్న పలుకు, ఒక్క ఊపిరి తేడా లేదు. దాని పక్క బెంచీలో ఎవరూ లేవలేదు. ఆ ఖాళీని అందరూ చూశారు, అందరూ తలలు తిప్పుకున్నారు.

ఎనభై నాలుగో పేరు అయింది. గదంతా నిలబడి ఉంది. హాజరు పిలిచే మేడమ్ పుస్తకం మూసింది. కొత్త వీసీ గారు చప్పట్లకి చేతులెత్తారు. సరిగ్గా అప్పుడు నేను గట్టిగా ఊపిరి పీల్చాను. ఎందుకో నాకు తెలియదు. నాలుగేళ్లుగా లోపల తిరుగుతున్న ఆ ముప్పై ఆరుమందీ, గదిలో అంతమంది నిలబడి ఉంటే మేమేం పాపం చేశాం అన్నట్టు, గొంతుకి అడ్డం పడ్డారు.

"ఆరిక సుభద్ర" అన్నాను.

ఎత్తైన ఆ గది నా గొంతుని గోడకి కొట్టి తిరిగి నా చెవిలో వేసింది. బొంగురుగా ఉంది. గదికి ఆ చివరినుంచి పిలిచే ముసలి గొంతు. నా గొంతు నాకు బయటినుంచి ఎప్పుడూ వినపడలేదు కదా, ఆ రోజు గుర్తుపట్టలేదు. లక్ష గొంతుల్లో ఆ ఒక్కటీ నాది. నాలుగేళ్ల ముందే వచ్చి, గుమ్మం దగ్గర పళ్లెం పట్టుకుని నిలబడ్డ నాకు చెప్పింది. నేను వినలేదు.

కిటికీ దగ్గర కమలాక్షి మేడమ్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆవిడకీ తెలిసింది.

"ముద్దాడ లోకేశ్వరి."

ఎవరో నా భుజం పట్టుకుని "అమ్మా, చాలు, బయటికి రండి" అన్నారు. శిరీష గట్టిగా "ఒగ్గీండి, పిలవనీండి" అంది. పిల్లలెవరూ కూర్చోలేదు. కొత్త వీసీ గారి చేతులు గాలిలోనే ఉన్నాయి.

మూడో పేరు సగంలో ఆ రోజు పెట్టె కట్టేశారు. అక్కడిదాకా నాకు తెలుసు. దాని తర్వాత ఈ గదిలో ఏమవుతుందో ఏ పెట్టే చెప్పలేదు, ఏ మండలీ వినలేదు.

"నిమ్మక చామంతి" అని పూర్తిగా పిలిచాను.

పిలిచి ఆగాను. పేరు పిలిచాక ఆగాలి కదా, ఆ పిల్ల లేచి పలికేంతసేపు.